అవసరమా, అలవాటా?

యోగాభ్యాసంలో ఆసనాలకన్నా కఠినమైనది మరొకటుంది: అడుగుతున్నది శరీరమా, మనస్సుకు పడిన అలవాటా అని తేల్చుకోవడం. మా మంగళగిరిలో ఉంటూ ఈ విచారణ చేయడం మరీ చిక్కు.

ఎందుకంటారా? 15వ శతాబ్దపు హఠయోగప్రదీపికలో స్వాత్మారాముడు సాధకుడికి కూడనివాటిని వరుసగా చెప్పాడు: కారం, పులుపు, ఉప్పు, నూనె, ఆవాలు... ఆవకాయ జాడీని ఎదుట పెట్టుకుని వ్రాసినట్లే లేదూ! అది లేనిదే ముద్ద దిగదంటాం. కాని మిరపకాయ ఈ దేశానికి వచ్చింది 1498 తరువాత, పోర్చుగీసువారి ఓడల్లో. అంతకు ముందు మన పూర్వులు మిరియాలతోనే తృప్తిగా భోంచేశారు. కనుక మిరపకారం అలవాటే. (నాలుక ఒప్పుకోదు, అది వేరే సంగతి.) కొండమీది పానకాలస్వామి సైతం ఎంత పానకం పోసినా సగమే స్వీకరించి, సగం ప్రసాదంగా విడిచిపెడతాడని మనవారి విశ్వాసం.

అలాగని దేహం అడిగినదల్లా మనోవికారమేననే వారితో నేను ఏకీభవించను. బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదని గీత ఆరవ అధ్యాయం చెబుతోంది. మోకాలు నొప్పెడుతున్నా పద్మాసనం వదలకపోవడం కూడా అలవాటే. పట్టుదల వేషం వేసుకుని వస్తుంది, అంతే.

నేను చేసే పరీక్ష చిన్నది. కోరిక కలిగినప్పుడు కాసేపు ఆగుతాను. నిజమైన ఆకలి అంతకంతకు పెరుగుతుంది, ఏది పెట్టినా సరేనంటుంది. అలవాటు ఫలానాదే కావాలంటుంది, పని తగిలితే మరచిపోతుంది. సాయంత్రపు కాఫీ ఈ పరీక్షలో ప్రతిసారీ తప్పుతోంది. కొండ మెట్లెక్కాక వేసే దాహం మాత్రం ఇంతవరకు తప్పలేదు.