దేశాల లెక్క కాదు, దారి లెక్క చూడండి

ప్యాకేజీ టూర్ వద్దనుకుని సొంతంగా ఐరోపా తిరిగి రావాలనుకునేవాళ్ల కంట ముందుగా పడేది యూరైల్ రైలు పాస్. 1959లో మొదలైన ఈ పాస్ ఇప్పుడు 33 దేశాల్లో చెల్లుతుంది. ఆ అంకె చూసి, ఎన్ని దేశాలు తిరిగితే అంత గిట్టుబాటని చాలామంది కొనేస్తారు. నా దృష్టిలో ఆ లెక్కే తప్పు. మనం వెళ్లే దారిలో రైళ్లకు సీటు రిజర్వేషన్ తప్పనిసరా కాదా అన్నదాన్ని బట్టే పాస్ గిట్టుతుందో లేదో తేలుతుంది. దేశాల సంఖ్య ఆ తర్వాతి మాట.

జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో పగలు నడిచే రైళ్లలో ఎక్కువ వాటికి రిజర్వేషన్ అక్కర్లేదు. సాల్జ్‌బర్గ్‌లో పొద్దున్నే ముసురు పట్టిందనుకోండి. ఫోన్‌లో రైల్ ప్లానర్ యాప్ తెరిచి, ఇన్స్‌బ్రక్ వెళ్లే రైలును ఎంచుకుని, ఆ రోజును ప్రయాణ దినంగా నమోదు చేస్తే చాలు. రైలెక్కాక కండక్టర్‌కు క్యూఆర్ కోడ్ చూపిస్తే సరిపోతుంది. కౌంటర్ దగ్గర క్యూ లేదు, అదనంగా పైసా కట్టేది లేదు. అదే పాస్‌తో ఫ్రాన్స్‌లో హైస్పీడ్ రైలు టీజీవీ ఎక్కాలంటే సీటుకు 10 నుంచి 20 యూరోలు విడిగా కట్టాలి. ఇటలీ హైస్పీడ్ రైళ్లలోనూ 10 యూరోలకు పైనే. పారిస్ నుంచి లండన్ వెళ్లే యూరోస్టార్‌కు ఇంకా ఎక్కువ. పైగా యూరోస్టార్‌లో పాస్ ఉన్నవాళ్లకు కేటాయించే సీట్లు పరిమితం, సెలవుల రద్దీలో ముందే అయిపోతాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎక్కే స్వేచ్ఛ కోసమే కదా పాస్ కొన్నది! వారాల ముందే సీటు పట్టుకోవాల్సి వస్తే ఇక ఆ డబ్బు దేనికి పెట్టినట్టు?

రిజర్వేషన్ అక్కర్లేని ప్రాంతీయ రైళ్లు ఇటలీలోనూ ఉన్నాయి కదా, వాటిలో తిరగొచ్చని కొందరంటారు. తిరగొచ్చు. కానీ రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కు హైస్పీడ్ రైలు గంటన్నరలో చేరుస్తుంటే, ప్రాంతీయ రైలుకు అంతకు రెట్టింపు కంటే ఎక్కువ పడుతుంది. ఆ నెమ్మది రైలు టికెట్ మామూలుగానే చవక. చవక టికెట్ చాలే చోట ఖరీదైన పాస్‌లో ఒక రోజును ఖర్చు పెట్టడం నష్టమే. వియన్నా నుంచి గంట దూరంలోని బ్రటిస్లావాకూ ఇదే వర్తిస్తుంది. అలాంటి పొట్టి ప్రయాణాలకు విడి టికెట్ కొనుక్కుని, పాస్ రోజులను దూర ప్రయాణాలకు దాచుకోవాలి. అందుకే రోజూ రైలెక్కే ఓపిక లేనివాళ్లకు వరుస రోజుల పాస్ కంటే, నెలలో 5 లేదా 7 రోజులు మనమే ఎంచుకునే ఫ్లెక్సీ పాస్ నయం.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. రెండు మూడు నెలల ముందు కొంటే విడి టికెట్లే చవకగా దొరుకుతాయని అంటారు. నిజమే, దీన్ని ఒప్పుకోవాలి. హోటళ్లన్నీ ముందే ఖాయం చేసుకుని, ఏ రోజు ఎక్కడుంటారో తేల్చుకున్న కుటుంబానికి పాస్ అవసరం తక్కువ. కాకపోతే అలాంటి చవక టికెట్లు చాలావరకు ఆ ఒక్క రైలుకే కట్టుబడి ఉంటాయి. ప్రణాళిక మారితే డబ్బు పోతుంది. షెంగెన్ వీసాకు ప్రయాణ వివరాలు ముందే ఇస్తాం కాబట్టి మనకు మార్చుకునే వీలెక్కడిదని అడిగేవాళ్లూ ఉన్నారు. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటామని వీసా తీసుకున్నామో ఆ మాట నిలబెట్టుకోవాల్సిందే. ఆ హద్దు లోపల పొద్దుటి రైలు కాకపోతే సాయంత్రం రైలు, ఈ ఊరు కాకపోతే పక్క ఊరు అనుకునే వెసులుబాటు మాత్రం మనదే. బ్రిటన్ సంగతి వేరు. పాస్ అక్కడా చెల్లుతుంది గానీ వీసా విడిగా తీసుకోవాలి.

వయసు కూడా లెక్కను మారుస్తుంది. 12 నుంచి 27 ఏళ్ల వాళ్లకు పాస్ తక్కువ ధరకు వస్తుంది. 60 దాటినవాళ్లకు 10 శాతం తగ్గింపు ఉంది. 4 నుంచి 11 ఏళ్ల పిల్లలు పెద్దవాళ్ల వెంట ఉచిత పాస్‌తో రావచ్చు, ఒక్కో పెద్దవారికి ఇద్దరి వరకు. జర్మనీలోనో ఐర్లాండ్‌లోనో చదువుకుంటూ అక్కడే నివాసం ఉంటున్న మన విద్యార్థులు కొనాల్సింది యూరైల్ కాదు, ఐరోపా నివాసుల కోసం 1972లో మొదలైన ఇంటర్‌రైల్. పాస్‌పోర్టు మనదే అయినా చూసేది నివాసం ఎక్కడన్నదే.

కాబట్టి డబ్బు కట్టే ముందు కాగితం మీద మీ దూర ప్రయాణాలన్నీ రాయండి. ఒక్కోదాని పక్కన రిజర్వేషన్ తప్పనిసరో కాదో, అయితే ఎంతో వేసుకోండి. సగానికి మించి తప్పనిసరి అని తేలితే పాస్ మానేసి టికెట్లు ముందే కొనుక్కోండి.