లోగోకూ ఔచిత్యం కావాలి

నేడు మనం లోగో అని పిలుస్తున్నదానిని పూర్వులు లాంఛనమన్నారు, ముద్ర అన్నారు. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలకు కూర్చిన ముద్రలలో "శ్రీ త్రిభువనాంకుశ" అన్న బిరుదంతోపాటు అంకుశం బొమ్మ కూడా కనబడుతుంది. చదువు వచ్చినవాడు బిరుదాన్ని చదువుకుంటాడు. రానివాడు అంకుశాన్ని పోల్చుకుంటాడు. మాట చెప్పినదానినే బొమ్మా చెప్పింది.

ఈ కాలపు లోగోలలో అనేకం ఈ సూక్ష్మాన్ని విస్మరిస్తున్నవి. ఎవరైనా ఒక సంఘం స్థాపిస్తే దాని గుర్తులో గ్రంథం, దీపం, ఉదయించే సూర్యుడు, వరికంకులు, పళ్ళచక్రం, చుట్టూ ఒక సంస్కృత వాక్యం అన్నీ ఉండవలసిందే! గోడమీద నిలువెత్తున వ్రాసినప్పుడు బాగానే ఉంటుంది. రబ్బరు స్టాంపు చేయించి రసీదుమీద వేస్తే సిరామరక మిగులుతుంది. ఆపైన ఏ రేఖ దేనికి సంకేతమో ఒక పుట వివరణ. టీక లేనిదే తెలియని పద్యమెంతో, టీక లేనిదే తెలియని లోగో అంతే.

"భారతీయ స్టేట్ బ్యాంకు గుర్తుకు అర్థం ఎందరికి తెలుసు?" అని ఎవరైనా అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1971లో శేఖర్ కామత్ రూపొందించిన ఆ నీలివృత్తంలో కొందరు తాళపు రంధ్రాన్ని చూస్తారు. కొందరికి ఏమీ తోచదు. అయినా వీధి చివరనుండే పోల్చుకుంటారు. ఒక వృత్తం, నడుమ ఒక బిందువు, దానినుండి క్రిందికి ఒక గీత. ఎవరైనా ఇసుకలో వేలితో గీయగలరు. జీవిత బీమా సంస్థ గుర్తు మరొక మెట్టు పైది. దీపాన్ని కాచే రెండు చేతులలో రూపమూ ఉంది, భావమూ ఉంది.

మరి రూపం సరళమైతే చాలునా? చాలదు. క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమన్న ఔచిత్యం ఇక్కడా కావాలి. పురుగుమందుల డబ్బాలపై మూలమీద నిలబెట్టిన చతురస్రం ఒకటి ఉంటుంది. దాని క్రింది సగంలోని రంగు విషతీవ్రతను తెలుపుతుంది: అత్యంత తీవ్రమైనదానికి ఎరుపు, తరువాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. రూపంలో ఇంతకంటె సరళమైనది ఉండదు. కాని ఆకుపచ్చ కూడా విషమే కదా! ఆ రంగు వీధికూడలిలో సాగిపొమ్మంటుంది. తినుబండారాల పొట్లంమీద శాకాహారమంటుంది. చల్లగా, పచ్చగా ఉండమని మనం దీవిస్తాం. ఇన్నిచోట్ల అభయమిచ్చిన రంగు విషపు డబ్బాపై కనబడితే అక్షరం రాని కూలి ఏమనుకోవాలి? పుర్రె బొమ్మ ఎరుపు తరగతికే పరిమితం. ఆకుపచ్చదానిపై జాగ్రత్త అని హెచ్చరించే మాట మాత్రమే ఉంటుంది. అది చదువగలిగినవానికే.

నాలుగు తరగతులకూ పుర్రె బొమ్మ ఉంచి, తీవ్రతాభేదాన్ని మాత్రమే రంగుకు విడిచిపెట్టడం మేలని నా అభిప్రాయం. బ్యాంకు గుర్తు అర్థం కాకపోతే ఎవరికీ నష్టం లేదు. ఈ గుర్తును అపార్థం చేసుకున్నవాడు చేతులకు తొడుగు లేకుండా, ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా చేలోకి దిగుతాడు.

లోగోలు గీసే మిత్రులకు నా మనవి ఒక్కటే. గీసినదానిని ముందుగా చదువురాని ఒకరికి చూపండి. వివరించకండి, వారేమంటారో వినండి. దీనిపై విజ్ఞులు తమ అభిప్రాయాలను తెలుపగోరుతాను.