వారంలో ఆరు రోజులు ఫోనే దిక్కు!

కొత్తకోట (వనపర్తి జిల్లా): ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు ఫిజియోథెరపీ వారానికి ఒక్కరోజు. మిగిలిన ఆరు రోజులు ఇంట్లో తల్లిదండ్రులే వ్యాయామం చేయించాలి. ఏది ఎన్నిసార్లన్నది గుర్తు లేకపోతే యూట్యూబ్‌లో వెతుక్కుంటున్నారు. అక్కడ దొరికేది తమ బిడ్డకు సరిపోతుందో లేదో తేల్చి చెప్పేవారు మాత్రం ఇంట్లో ఎవరూ ఉండరు.

సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాలకు ఫిజియోథెరపిస్టు సాధారణంగా వారానికి ఒకరోజే వస్తారు. మేధో వైకల్యం గల వారి కోసం ఏర్పడిన జాతీయ సంస్థ సికింద్రాబాద్‌లో ఉన్నా, కొత్తకోట నుంచి అది నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. కూలి మానుకుని, బిడ్డను ఎత్తుకుని ఎన్నిసార్లు బస్సెక్కగలరు? పైగా ఇది పాలమూరు వలసల ప్రాంతం. తల్లిదండ్రులు పనులకు ఊరు విడిస్తే బిడ్డ అవ్వ దగ్గరే ఉండిపోతాడు.

జబ్బు పేరు ఒకటే.. స్థితి వేరు
‘సెరిబ్రల్ పాల్సీ వ్యాయామాలు’ అని వెతికితే వచ్చే వీడియోల్లో చాలావరకు అవి ఏ స్థాయి పిల్లలకో చెప్పవు. కదలిక సామర్థ్యాన్ని బట్టి వైద్యులు ఈ పిల్లలను ఐదు స్థాయిలుగా గుర్తిస్తారు. మొదటి స్థాయి పిల్లవాడు నడుస్తాడు, మెట్లెక్కుతాడు. ఐదో స్థాయిలో మెడ నిలపడమే కష్టం. బిగుసుకున్న కండరాన్ని ఒక్కసారిగా లాగితే మరింత బిగుస్తుంది. నెమ్మదిగా సాగదీసి, కొంతసేపు అలాగే నిలపాలి. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో కొందరికి మెడ పైభాగంలో ఎముకల కీలు వదులుగా ఉంటుంది. వైద్యుడికి చూపించకుండా పిల్లిమొగ్గలు వేయిస్తే వెన్నుపాముకే ముప్పు.

అలాగని భయపడి కూర్చోబెట్టడమూ చేటే. కదలిక లేని కీళ్లు కాలక్రమంలో ముడుచుకుపోతాయి. వైకల్యం గల 5-17 ఏళ్ల పిల్లలకూ రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంత చేయలేని వారికి కొంచెమైనా మంచిదేనని పేర్కొంది.

కెమెరాతో ఉపాయం
ఫిజియోథెరపిస్టు తమ బిడ్డకు చేయించే వ్యాయామాన్నే అనుమతి అడిగి ఫోనులో చిత్రీకరించుకోవచ్చు. ఎన్నిసార్లు, ఎక్కడ ఆపాలి, బిడ్డ ఏడిస్తే ఏం చేయాలి అన్నవి అందులోనే తెలుగులో చెప్పించుకుంటే చదువురాని అవ్వకూ అర్థమవుతుంది. ఎక్కడో ఎవరి బిడ్డ కోసమో తీసిన వీడియో కన్నా ఇది నమ్మదగినది. దీనికి ప్రత్యేక నిధులూ అక్కర్లేదు. ఇంట్లో చేయిస్తున్న తీరును కూడా తీసి మరుసటి వారం చూపిస్తే, పొరపాట్లు ఏమైనా ఉంటే అక్కడికక్కడే సరిచేస్తారు.