ఈ ‘మార్పు’ మంచికి కాదు
* మీసాల చేపకు ఎర సులువే.. పట్టాక ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న
* నాటు రకానికి ముప్పుగా ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌

చిక్కబళ్లాపురం: నాలుగు వానలు పడి చెరువులోకి కొత్త నీళ్లొస్తే చాలు.. కట్ట మీదికి గాలాలు చేరతాయి. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఇది ఏటా చూసేదే. వానాకాలంలో నాటు మార్పు కోసం వేసే గాలం ఇది. అయితే అదే ఎర, అదే వేళ ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌కూ సరిపోతాయి. పైకి రెండూ మీసాల చేపలే. చెరువుకు మాత్రం ఒకటి చుట్టం, రెండోది శత్రువు. ఏది పడిందో తెలుసుకోకుండా బుట్టలో వేసుకున్నా, తిరిగి నీళ్లలో వదిలినా నష్టం చెరువుకే.

వాసనే దారి
కట్ల, రోహుల కోసం రాగి ముద్దో, పిండి ఉండో గాలానికి గుచ్చి పగటిపూట కూర్చుంటారు. మీసాల చేప దగ్గర ఈ పద్ధతి అంతగా పారదు. దానికి చూపు కంటే వాసన, స్పర్శ ముఖ్యం. నోటి చుట్టూ ఉండే నాలుగు జతల మీసాలతో అడుగున బురదను తడుముకుంటూ మేత వెతుకుతుంది. అందుకే నీచు వాసన వచ్చే ఎరకే ఎక్కువగా పడుతుంది.

వానపాము అన్నిటికంటే నమ్మకమైనది. చిన్నాపెద్దా అన్నీ అందుకుంటాయి. కోడి పేగు గట్టిగా ఉంటుంది కాబట్టి గాలాన్ని వదలదు, చిల్లర చేపలు కొరికినా త్వరగా ఊడిపోదు. కోడి కార్జం వాసన ఎక్కువ, కానీ మెత్తన. దారంతో రెండు చుట్లు కట్టకపోతే విసిరేటప్పుడే జారిపోతుంది. చచ్చిన చిన్న చేపను ముక్క చేసి గుచ్చితే పెద్దవి వస్తాయి.

అడుగునే వేట
వేళ విషయానికొస్తే పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారే దాకా. మబ్బు పట్టి నీళ్లు మడ్డిగా ఉంటే పగలూ పడతాయి. కాలువ నీళ్లు చెరువులో కలిసే చోటు, తూము దగ్గర, జమ్ము అంచులు అనువైనవి. బెండు కట్టి ఎరను పైన తేలేస్తే లాభం లేదు. సీసపు గుండు కట్టి అడుగుకు దించాలి. తీగ కదలగానే గుంజేయకూడదు. చేప ఎరను నోట్లోకి తీసుకుని కదిలిపోయేదాకా ఆగి అప్పుడు లాగాలి. పట్టుకునేటప్పుడు జాగ్రత్త. పక్క రెక్కల ముందుండే ముల్లు గుచ్చుకుంటే చెయ్యి వాచిపోతుంది.

చేపలు గుమిగూడాలని కొందరు కోడి వ్యర్థాలను మూటలకొద్దీ చెరువులో పోస్తారు. ఇక్కడే దెబ్బ. గాలానికి గుచ్చేది పిడికెడు. మూటల్లో పోసింది నీళ్లను కుళ్లబెడుతుంది, ఉన్న ఆక్సిజన్‌ను తినేస్తుంది. కట్ల, రోహు పిల్లలు తట్టుకోలేవు. గాలి పీల్చగల క్యాట్‌ఫిష్‌ మాత్రం అందులోనూ బతికి బలుస్తుంది. అంటే శత్రువుకు మేపు, మిత్రుడికి ఉరి.

నిషేధం కాగితం మీదే
ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ దేశంలోకి దొడ్డిదారిన వచ్చింది. వీటిని నిర్మూలించాలని కేంద్ర వ్యవసాయ శాఖ 1997లోనే రాష్ట్రాలకు చెప్పింది. పెంపకంపై నిషేధాన్ని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌ కూడా సమర్థించింది. అయినా చాటుమాటు పెంపకం ఆగలేదు. కారణం తేలికే. త్వరగా బరువు పెరుగుతుంది, వ్యర్థాలు వేసినా తింటుంది, ఇరుకు గుంటలో కూడా చావదు. గుంట పొంగితే చెరువుకు చేరుతుంది. అక్కడ చేప పిల్లలు, కప్పలు, నత్తలు.. ఏదీ వదలదు. సొసైటీలు అప్పు చేసి వదిలిన కట్ల, రోహు పిల్లలకూ అదే గతి.

మరోవైపు మాగుర్‌ అని పిలిచే దేశీ మార్పు అంతరించే ముప్పున్న జాతుల అంతర్జాతీయ జాబితాలోకి ఎక్కింది.

శుద్ధి నీళ్ల చెరువుల్లో..
శాశ్వత నదులు లేని ఈ జిల్లాలో చెరువులే దిక్కు. వాటిని నింపడానికి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి తెస్తున్నారు. హెబ్బాళ-నాగవార పథకం చిక్కబళ్లాపురం వైపు, కోరమంగల-చల్లఘట్ట పథకం కోలారుతో పాటు చింతామణి తాలూకాలోని కొన్ని చెరువులకూ నీళ్లిస్తున్నాయి. ఉద్దేశం భూగర్భ జలాల పెంపు. రెండో దశ శుద్ధి చాలదని, మూడో దశ కూడా చేయాలని రైతు సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతున్నాయి. అడుగు బురదలో తిరిగి, చిన్న చేపలను తిని బతికే చేపలో లోహాల వంటివి ఉంటే పేరుకునే అవకాశం ఎక్కువ. అలాంటి చెరువు చేపను కూరకు తెచ్చుకునే ముందు ఆలోచించాలి. మత్స్యశాఖ ఈ చెరువుల చేపలను ఎప్పటికప్పుడు పరీక్షించి ఫలితాలను పంచాయతీల్లో అతికిస్తే జనానికి అనుమానం తీరుతుంది.

హద్దు లేని చేప
నంది కొండల వైపు పుట్టిన చిత్రావతి బాగేపల్లి మీదుగా ఆంధ్రలోకి వెళ్తుంది. 2021 నవంబరు వానలకు చెరువులు మరవ పారాయి, నది ఉప్పొంగింది. అలా మరవ పారిన ప్రతిసారీ ఎగువ చేప దిగువకు జారుతుంది. బాగేపల్లి, గుడిబండలకు తాగునీరిచ్చే పరగోడు బ్యారేజీ, అవతల పుట్టపర్తి, బుక్కపట్నం.. అన్నీ ఆ దారిలోనివే. ఇక్కడి నిర్లక్ష్యం అక్కడి జాలరి వలలో తేలుతుంది.

గాలం వేసేవారు చేయదగ్గవి
గాలంతో జాతిని తుడిచిపెట్టలేరు. కానీ ఒక్కొక్కటిగా తగ్గించొచ్చు. నాటు మార్పు అడుగున్నర దాటడం అరుదు. అంతకు మించి పెరిగి, ఒంటి మీద మచ్చల చారలుంటే ఆఫ్రికాదేనని అనుమానించాలి. చిన్నప్పుడు పోల్చుకోవడం కష్టం, తెలిసినవారికి చూపించాలి. ఆఫ్రికా రకమని తేలితే నీళ్లలోకి తిరిగి వదలకూడదు. బతికుండగా ఇంకో కుంటకు, బావికి మోసుకెళ్లకూడదు, అమ్మకూడదు. జూన్‌ నుంచి ఆగస్టు దాకా గుడ్లతో ఉన్న నాటు మార్పు పడితే మాత్రం గాలం తీసి మెల్లగా వదిలేయాలి. చెరువు లీజుకిచ్చి ఉంటే సొసైటీకి చెప్పి గాలం వేయడం పద్ధతి. క్యాట్‌ఫిష్‌ పడిన సంగతి మొదట తెలియాల్సింది కూడా వాళ్లకే. ఆ కబురు అక్కడి నుంచి మత్స్యశాఖకు చేరితే, చేప పిల్లలు వదిలే ముందే చెరువులో వల తిప్పించడానికి వీలుంటుంది.