పెద్ద కుర్చీ... 65 ఏళ్లకు!

అమెరికన్‌ ఫుట్‌బాల్‌లో జట్టుకు గుండెకాయ క్వార్టర్‌బ్యాక్‌. బంతిని ఎవరికి విసరాలో తేల్చేది అతనే. అలాంటివాళ్లను తీర్చిదిద్దడంలో నార్మ్‌ చౌది అందెవేసిన చెయ్యి. విచిత్రమేంటంటే, కాలేజీలో ఆయన ఎన్నడూ ఆ స్థానంలో ఆడలేదు... ప్రత్యర్థుల్ని అడ్డుకునే వరసలో నిలబడ్డారంతే!

హొనొలులులో పుట్టిన చౌ, బ్రిగమ్‌ యంగ్‌ విశ్వవిద్యాలయంలో 27 ఏళ్లు పనిచేశారు. అక్కడ టై డెట్మర్‌ (1990), తర్వాత దక్షిణ కాలిఫోర్నియాలో కార్సన్‌ పామర్‌ (2002), మ్యాట్‌ లైనార్ట్‌ (2004)... ఈ శిష్యులు ముగ్గురూ కాలేజీ ఆటలో అత్యున్నతమైన హైస్‌మన్‌ ట్రోఫీ అందుకున్నారు. గురువుకు మాత్రం ఏళ్లతరబడి ఎత్తులు వేసే ‘అఫెన్సివ్‌ కోఆర్డినేటర్‌’ లాంటి పదవులే!

హెడ్‌కోచ్‌గా 2011 డిసెంబరులో సొంతగడ్డ హవాయి పిలిచింది. అప్పటికి ఆయనకు 65 ఏళ్లు. అక్కడ ఆ ఎత్తులు పారలేదు. 10 గెలుపులు, 36 ఓటములు. 2015 నవంబరులో, సీజన్‌ ముగియకుండానే ఇంటికి పంపేశారు.