ఓడలు బండ్లగునప్పుడు

“ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును” అని మన పెద్దలు చెప్పుదురు. కలిమిలేములు నిలుకడ లేనివని దాని భావము. ఈ సామెత అక్షరాలా నిజమైన సందర్భ మొకటి మన దేశముననే కలదు. 1961లో మన నౌకాదళమున చేరిన విక్రాంత్ అను విమానవాహక నౌక 1997లో విశ్రాంతి పొందినది. కొంతకాలము ముంబయిలో ప్రదర్శనశాలగా నుండి, 2014లో తుక్కు క్రింద విక్రయింపబడినది. దాని లోహమును కొంత కరగించి 2016లో బజాజ్ కంపెనీ మోటారు సైకిళ్ల తయారీలో వాడినది. ఓడ నిజముగనే బండి యయ్యెను!

ముసలియైన ఓడ నేమి చేయవలెను? సాధారణముగా సరకుల ఓడ ఆయుర్దాయము 25 మొదలు 30 సంవత్సరములు. అటుపిమ్మట ఉప్పునీరు దాని రేకులను తినివేయును. మరమ్మతుల వ్యయము రాబడిని మించును. విశాఖపట్టణపు సముద్రతీరమున కురుసుర జలాంతర్గామి నిలిచినట్లు ఏ కొన్నియో ప్రదర్శనశాలలై నిలుచును. తక్కినవానిని ఊరక వదలినచో తుప్పుపట్టి, మునిగి, నూనె కార్చి, జలచరములకు చేటు తెచ్చును. కాబట్టి వానిని విప్పక తప్పదు. ఎట్లు విప్పవలెను, ఆ పని భారము నెవరు మోయవలెను అనుటయే వివాదము.

గుజరాతు రాష్ట్రమున భావనగర్ జిల్లాలో, ఖంభాత్ సింధుశాఖ యొడ్డున అలంగ్ అను ఊరు కలదు. 1983లో అచ్చట ఈ పని మొదలైనది. ఆ తీరమున సముద్రపు పోటు మిక్కిలి యెత్తునకు వచ్చును. నిండు పోటు వేళ ఓడను వేగముగా తీరమునకు తోలి బురదపై కెక్కింతురు. నీరు తీయగానే ఓడ నేలపై నిలిచిపోవును. అంతట కార్మికులు గ్యాసుమంటతో దానిని ముక్కలుముక్కలుగా కోయుదురు.

ఇందలి మేళ్లను మేము తక్కువ చేసి చెప్పము. ఓడ బరువులో అధికభాగము ఉక్కే. దాని మందపు రేకులను కరగింపకయే కాచి, సాగదీసి, ఇండ్ల కట్టడములకు వాడు ఊచలుగా మార్చు మిల్లులు కలవు. తుక్కును వాడి ఒక టన్ను ఉక్కు చేసినచో సుమారు 1.4 టన్నుల ముడి ఇనుము త్రవ్వు పని తప్పును, బొగ్గు మిగులును. మన ఒడిశాలోని కెందుఝర్ కొండలు త్రవ్వబడుట నెరిగిన మనకు ఈ లాభమెంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు. ఓడలోని తలుపులు, మంచములు, బల్లలు, వంటపాత్రలు సైతము అలంగ్ బాట వెంబడి దుకాణములలో అమ్ముడుపోవును. వేలమంది కూలీల కుటుంబములకు కూడు దొరకును.

ఇక కీడు. పాత ఓడలలో బాయిలర్లకు, గొట్టములకు చుట్టిన రాతినార, అనగా ఆస్బెస్టాస్, ధూళియై ఊపిరితిత్తులలో చేరును. దానివలని వ్యాధి పలుమార్లు ఇరువది, ముప్పది యేండ్లకు గాని బయటపడదు. అప్పటికి కార్మికుడు స్వగ్రామమున నుండును, కారణము నడుగువాడుండడు. తొట్లలో మిగిలిన నూనె ఆవిరికి నిప్పు తగిలినచో ఓడయే పేలును. 2016 నవంబరు 1వ తేదీన పాకిస్తానులోని గదానీ తీరమున నట్లే జరిగి 20 మందికి పైగా మరణించిరి. విషపు రంగులు, నూనెలు పోటునీటితో కడలిలో కలియును.

ఇట్టి పనిని మన దేశమున నిషేధింపవలెనని కొందరందురు. మేము ఆ పక్షము వారము కాము. ఇచ్చట నిషేధించినచో ఓడలు మరియొక పేదదేశపు తీరమున కేగును. కూలి పోవును, కీడు మాత్రము పోదు. కాని “బీదవారికి పని దొరకుచున్నది గదా” యని ఊరకుండుటయు న్యాయము కాదు. అలంగ్‌కు బయలుదేరిన క్లెమాన్సో అను యుద్ధనౌకను, అందలి రాతినార విషయమై వివాదము చెలరేగగా, 2006లో ఫ్రాన్సు వెనుకకు పిలిపించుకొన్నది. తుదకు దానిని ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో విప్పిరి. జాగ్రత్తగా విప్పుట సాధ్యమే యని దీనివలన తెలియుచున్నది. ఆ జాగ్రత్తకు డబ్బగును; అంతే. ఆ డబ్బు ఓడవలన లాభము గడించిన యజమానియే యీయవలెను. పెక్కు ఓడలు తుది ప్రయాణమునకు ముందు చేతులు మారి, వేరొక చిన్న దేశపు జెండాను ఎగురవేయుటకు కారణము ఈ బాధ్యత తప్పించుకొనుటయే యని మా అభిప్రాయము.

2009లో కుదిరిన హాంకాంగ్ ఒడంబడిక 2025 జూన్ 26 నుండి అమలునకు వచ్చినది. మన పార్లమెంటు 2019లోనే ఓడల పునర్వినియోగ చట్టము చేసినది. ఓడకు అందలి ప్రమాద పదార్థముల జాబితా యుండవలెననుట వీని ముఖ్యనియమము. అలంగ్‌లో పలుచోట్ల గట్టి నేలలు, క్రేనులు ఏర్పడినవి. ఇది సంతోషింపదగినదే. కాని ఒడంబడిక ఓడను బురదపై కెక్కించు పద్ధతిని మాన్పలేదు. ఇది లోపమని మేము తలంతుము.

విద్యార్థులారా, తల్లిదండ్రులారా! ఈ సంగతి మనకేల యని యనుకొనరాదు. అలంగ్ కూలీలలో మన ఒడిశా వారు అనేకులు. మన గంజాము జిల్లా నుండి సూరతు మిల్లులకు పోవు యువకులను మనమెల్లర మెరుగుదుము. అన్యభాషా ప్రాంతమున ప్రమాదసూచన పలక ముందు నిలిచి, దానిని చదువలేని కార్మికుని తలచుకొనుడు. చట్టమున జాబితా యున్నను చదువలేని వానికి అది తెల్లకాగితమే. భాషాల్పసంఖ్యాకులమైన మనకు ఈ బాధ క్రొత్తది కాదు. కావున ప్రమాదసూచనలు కార్మికుని మాతృభాషలో నుండవలెనని కోరుట మన హక్కు. పోవుచోటి భాషను గూడ నేర్చుట మన జాగ్రత్త. పదవ తరగతి ముగియకముందే పిల్లవానిని పనికి పంపదలచిన తండ్రి ఈ మాట నొక్కసారి యోచించుగాక.

ఓడలు బండ్లగుట మంచిదే. ఆ మార్పులో మనుష్యుడు మాత్రము తుక్కు కారాదు.