పులి జాడ అడగట్లేదు, పైసల జాడ చెప్పండి!



1949 మే 30న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ అంబేద్కర్ ఒక ముఖ్యమైన సంగతి చెప్పారు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే ఆడిటర్ జనరల్ ఈ రాజ్యాంగంలో బహుశా అందరికంటె ముఖ్యమైన అధికారి అనీ, ఆయన బాధ్యత న్యాయస్థానాల బాధ్యత కన్నా పెద్దదనీ ఆయన అభిప్రాయం. జడ్జీల కంటె లెక్కలు చూసేవాణ్ణి పైన పెట్టిండంటే ఊరికే పెట్టలేదు. జనం సొమ్ము ఎవడి చేతిలో ఉంటే రాజ్యం వాడిదే అవుతుందని ఆయనకు తెలుసు.

మన వాడల్లో రేషన్ బియ్యం తూకం అడుగుతున్నం, పింఛన్ అడుగుతున్నం. అడవి పేరు మీద, పులి పేరు మీద వచ్చే కోట్ల లెక్క అడగబోతే మాత్రం "మీకేం సంబంధం?" అంటున్నరు. అడవి సర్కారుది, పులి సర్కారుది, నేరం మాత్రం మనది - ఇదే ఇన్నేండ్లుగా నడుస్తున్న న్యాయం.

సంబంధం ఏందో చెప్తం, వినండి.

గని కోసమో, డ్యాము కోసమో, రోడ్డు కోసమో అడవిని అప్పగించినప్పుడు తీసుకున్నవాళ్ళు హెక్టారుకింత అని సర్కారుకు కడతారు. 2008 నాటి రేట్ల ప్రకారం హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయల దాకా. ఆ సొమ్మే కంపా నిధి. దీనికి 2016లో చట్టం చేశారు. 2019 ఆగస్టులో కేంద్రం 27 రాష్ట్రాలకు 47 వేల కోట్లకు పైగా పంచింది. అందులో తెలంగాణకు 3,110 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌కు 1,734 కోట్లు. మొక్కలు నాటాలె, అడవిని కాపాడాలె, వన్యప్రాణులను చూసుకోవాలె - దానికీ సొమ్ము.

ఎవరి సొమ్ము ఇది? పోయిన అడవి ధర ఇది. ఆ అడవిలో తునికాకు తెంపినోళ్ళు, ఇప్పపువ్వు ఏరినోళ్ళు, గొడ్లు కాసినోళ్ళు, కట్టెలమోపు నెత్తినెత్తుకొని పొయ్యి ముట్టించుకున్న మాల మాదిగ ఆడోళ్ళు, చెంచులు, గోండులు, కోలాములు - వీళ్ళ బతుకు అమ్మగా వచ్చిన సొమ్ము ఇది. అమ్మింది మనల్ని అడగకుండ. ఖర్చు పెట్టేది మనకు చెప్పకుండ. ఇంకా "మీకేం సంబంధం" అంటరా?

చెప్పకుండ ఖర్చు పెడితే ఏమయితదో ఉత్తరాఖండ్‌లో చూసినం. 2019-22 మధ్య అక్కడి కంపా ఖర్చును కాగ్ తనిఖీ చేసింది. ఆ నివేదిక 2025 ఫిబ్రవరిలో అసెంబ్లీ ముందుకు వచ్చింది. 13.86 కోట్లు వేరే దారిన పోయినయి. మొక్కల సొమ్ముతో ఐఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ఫ్రిజ్‌లు కొన్నారు, భవనాలు బాగు చేసుకున్నారు. నాటిన మొక్కల్లో బతికింది మూడో వంతే. అంతకు ముందు 2013లో దేశమంతటి లెక్క తీసినప్పుడు కూడా కాగ్ ఇదే తేల్చింది. 2006-12 మధ్య అడవికి బదులుగా లక్షా మూడు వేల హెక్టార్ల భూమి రావాలె. వచ్చింది 28 వేల హెక్టార్లు. మొక్కలు పెట్టింది 7 వేల చిల్లర హెక్టార్లు. వందలో ఏడు!

పులి లెక్క కూడ ఇట్లనే ఉన్నది. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో 2004లో 16 పులులకు తక్కువ లేవని కాగితం చెప్పింది. 2005 మొదట్లో వెతికితే ఒక్క పులి లేదు. 2009లో మధ్యప్రదేశ్‌లోని పన్నాలో మళ్ళీ అదే కథ. పులి చచ్చిపోయినా కాగితం మీద బతికే ఉంటుంది, ఎందుకంటే కాగితం మీది పులికి కూడ నిధులొస్తయి. లెక్క రాసేదీ వాళ్ళే, సరిచూసేదీ వాళ్ళే అయినప్పుడు ఇంకేమయితది? కంచె చేను మేసినట్టే.

ఇక వేట సంగతి. ఒకప్పుడు నవాబులు, జమీందార్లు, తెల్లదొరలు మదమెక్కి పులులను కాల్చి గోడలకు తలకాయలు తగిలించుకున్నారు. మన తాతలు వాళ్ళ ముందు డప్పులు కొట్టుకుంటూ మృగాన్ని తోలిండ్రు - వెట్టికి. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, వేట నేరమైంది. మంచిదే. కాని కాల్చిన దొరల వారసులు రిసార్టులు పెట్టుకున్నరు, ఉచ్చు పెట్టి కుందేలు పట్టినోడు జైలుకు పోతున్నడు.

ఇప్పుడు అడవి పందుల బాధ. మక్క చేను, వేరుశనగ చేను రాత్రికి రాత్రే నాశనం. పంటను పాడుచేసే జంతువును కాల్చడానికి చట్టంలోని 11వ సెక్షన్ కింద అనుమతి ఇవ్వవచ్చు. తెలంగాణలో 2021లో సర్పంచులకు గౌరవ వార్డెన్ హోదా ఇచ్చి పందుల విషయంలో ఆ అధికారం అప్పగించారు. సరే, మా ప్రశ్నలు: ఏ రైతు చేనుకు తుపాకిదారుణ్ణి పిలిచిండ్రు? పెద్ద రైతు చేనుకా, దళితవాడ అసైన్డ్ భూమికా? ఎన్ని తూటాలు, ఎన్ని పందులు, ఎవరికెంత ఇచ్చిండ్రు? ఈ లెక్క గ్రామసభలో చదవాలె. పందుల భయంతో చేనుకు కరెంటు తీగ కట్టేది ఒకడు, తెల్లారి నీళ్ళు కట్టపోయి ఆ తీగ మీద పడి చచ్చేది మన కూలోడు. పంట నష్టపరిహారం పట్టా ఉన్నోడికి పోతది, కౌలుకు చేసి మునిగిన మాదిగ రైతుకు పైస రాదు.

అమెరికాలో 1937 నుంచి తుపాకుల మీద, తూటాల మీద పన్ను వేసి ఆ సొమ్ముతో అడవి జంతువులను కాపాడుతున్నరు. 1999లో ఆ సొమ్మును ఆఫీసు ఖర్చులకు ఇష్టం వచ్చినట్టు వాడుతున్నరని పార్లమెంటు కమిటీ విచారణ పెట్టింది, 2000లో ఆఫీసు ఖర్చుకు హద్దు పెడుతూ చట్టమే చేశారు. అక్కడ తుపాకి కొన్నోడు పన్ను కట్టిండు కాబట్టి లెక్క అడిగిండు. ఇక్కడ మనం అడవినే కట్టినం. మనకు అడిగే హక్కు తక్కువెట్లయితది?

అన్నిటికంటె పెద్ద సొమ్ము ముందున్నది. 2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ రాష్ట్రాలకు లేఖ రాసింది: పులుల అభయారణ్యాల నడిబొడ్డున 591 గ్రామాలున్నయి, 64,801 కుటుంబాలున్నయి, వాటిని త్వరగా తరలించండని. కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ. లెక్క కట్టండి - 9,720 కోట్లు! మన నల్లమల, కవ్వాల అడవులూ పులుల అభయారణ్యాలే. గ్రామసభ ఒప్పుకోకుండ కదిలించొద్దని 2006 నాటి చట్టాలు చెప్తున్నయి. కాని ఆ కుటుంబాల జాబితా ఎవరు రాస్తరు? ఆదివాసీకి అటవీ హక్కు పత్రమన్నా చూపించవచ్చు. అదే అడవి ఊళ్ళో ఉన్న దళితుడు 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏండ్లు అక్కడే ఉన్నట్టు రుజువు చూపించాలె. చదువుకోనియ్యని తాత కాగితం ఎక్కడ దాస్తడు? జాబితాలో పేరు లేకుంటే ఇల్లు పోతది, 15 లక్షలూ పోతయి. అందుకే లెక్క అడగడం మనకు చావు బతుకుల విషయం.

అధికారులు ఒక మాటంటరు: "అన్నీ బయటపెడితే వేటగాళ్ళకు పులి జాడ తెలుస్తది". మేము పులి జాడ అడగట్లేదయ్యా, పైసల జాడ అడుగుతున్నం. మస్టర్‌లో ఎవరి పేరుందో చెప్తే పులికి వచ్చే అపాయం ఏముంది? ఇంకొందరంటరు, "కాగ్ ఉంది కదా" అని. ఉంది. కాని కాగ్ వచ్చేసరికి మొక్క ఎండి మూడేండ్లయితది. మొక్క నాటిన కూలికి ఆ రోజే తెలుసు - ఎన్ని గుంతలు తవ్వినం, ఎన్నిటికి సంతకం పెట్టించుకున్నరు అని. వన సంరక్షణ సమితుల కాలంలో చైర్మన్‌దీ, ఫారెస్టోళ్ళదీ ఇద్దరి సంతకాలతో ఖాతా ఉండేది. చెక్కుబుక్కు ఎవరి బీరువాలో ఉండేదో ఊరందరికీ తెలుసు.

కొత్తగా కనిపెట్టేది ఏమీ లేదు. 2006 నుంచి మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ జరిగింది. కూలీల పిల్లలే మస్టర్లు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగిండ్రు, మండలంలో అందరి ముందూ చదివిండ్రు. మట్టి పనికి చేయగలిగింది మొక్కల పనికి ఎందుకు చేయరు?

మా డిమాండ్లు ఇవి:

1. అడవి, వన్యప్రాణి నిధులతో చేసే ప్రతి పనికీ ఊళ్ళో తెలుగు బోర్డు పెట్టాలె - ఎంత మంజూరు, ఎంత ఖర్చు, ఎవరికి కూలి.

2. ఏడాదికి రెండుసార్లు సామాజిక తనిఖీ జరపాలె. తనిఖీ బృందంలో దళిత, ఆదివాసీ యువకులు, ఆడవాళ్ళు ఉండాలె.

3. బేస్ క్యాంపుల్లో ప్రాణాలకు తెగించి కాపలా కాసే వాచర్ల జీతం ఏ నెలకానెల ఇవ్వాలె, ఆ లెక్క చూపాలె.

4. పందుల కాల్పులు, పంట నష్టపరిహారం వివరాలు గ్రామసభలో చదవాలె. కౌలుదారుకూ పరిహారం ఇవ్వాలె.

5. తరలింపు జాబితాను ముందుగా గ్రామసభలో పెట్టాలె. దళిత కుటుంబాల పేర్లు విడువద్దు.

డిమాండ్లు రాసి కూర్చుంటే ఎవడూ ఇవ్వడు. కార్యకర్తలు ఈ పక్షంలోనే పని మొదలుపెట్టాలె. సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు రాయండి. తెలుగులోనే రాయవచ్చు. పది రూపాయల ఫీజు, తెల్లకార్డు ఉన్నోళ్ళకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలె. అదే చట్టం కింద పనిని స్వయంగా చూసే హక్కు కూడ ఉన్నది. అంటే ప్లాంటేషన్‌లోకి పోయి మొక్కలు లెక్కపెట్టవచ్చు. ఒక్కరే పోకండి, పదిమంది కలిసి పోండి. చదువొచ్చిన పిల్లలతో చదివించండి, ఆ రోజు పనికి పోయిన కూలీలను పక్కన నిలబెట్టుకోండి. వాళ్ళ నోటి లెక్క, కాగితం లెక్క రెండూ రాయండి. రెంటికీ పొత్తు కుదరకపోతే గ్రామసభలో పెట్టండి.

పులి బతకాలె. అడవి బతకాలె. వాటి పేరు మీద మనల్ని ముంచడం మాత్రం ఇక నడవదు.

జై భీమ్!